ఎట్లా కనపడదో చెప్పండి

కంటి పరీక్షల ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను రోజూ విన్నమాట ఒకటే. మనిషి వచ్చి స్టూలు మీద కూర్చోగానే, "కండ్లు కనపడవు మేడమ్" అంటారు. ఆ తర్వాత ఇంకో ముక్క ఉండదు. దాంతో నాకేం తెలుస్తుంది? దగ్గరివి కనపడవా, దూరపువా? పగలా, రాత్రా? ఒక కన్నా, రెండూనా? నడుమ మసకా, పక్కల మసకా? నిన్న వచ్చిందా, ఏళ్లుగా పాకుతూ వచ్చిందా? కంటిలో ఒక్కో భాగం చెడితే చూపు ఒక్కో తీరుగా పోతుంది. ఆ తీరు సరిగ్గా చెప్పగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే. పోయినసారి ఇదే రాశాను. ఈసారి ఉత్తరాలు చూసి సంతోషమేసింది, చాలామంది వివరంగా రాశారు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను కర్నూలు జిల్లాలో ఆప్తాల్మిక్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆపరేషన్లు చేసే డాక్టర్ని కాను. ఇక్కడ మందులు రాయను, రాయమని అడగొద్దు.

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు, మగ్గం నేస్తాను. వయసు 44. కొన్నాళ్లుగా తెగిన పోగు అతకాలంటే కండ్లకు ఆనడం లేదు. పేపరు చెయ్యి చాచి పట్టుకుంటే చదువుతాను. దూరం నుంచి బస్సు బోర్డు బాగా కనిపిస్తుంది. అద్దాలు పెట్టుకుంటే ఇంకా ముదురుతుందని మా వీధిలో అంటున్నారు. నిజమేనా మేడమ్?
— చేనేత కార్మికుడు, ఎమ్మిగనూరు

జవాబు: చూశారా, మీ ఉత్తరంలోనే జవాబుంది. దూరం బాగుంది, దగ్గర పోయింది, వయసు నలభై దాటింది. ఇది చత్వారం. జబ్బు కాదు, అందరికీ వచ్చేదే.

కంటిపాప వెనకే ఒక కటకం ఉంటుంది. అడ్డం 9 మిల్లీమీటర్ల పైచిలుకు, మందం 4 మిల్లీమీటర్లు. దాని అంచు చుట్టూ సన్నటి దారాలుంటాయి. ఆ దారాల రెండో కొస ఒక కండరపు వలయానికి కట్టి ఉంటుంది. దారం బిగువూ వదులూ మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు కాబట్టి ఇది మీకే బాగా అర్థమవుతుంది: దూరం చూసేటప్పుడు కండరం తీరిగ్గా ఉంటుంది, దారాలు బిగుతుగా ఉండి కటకాన్ని లాగి పలచగా ఉంచుతాయి. దగ్గర చూడాలంటే కండరం ముడుచుకుంటుంది, వలయం చిన్నదవుతుంది, దారాలు వదులవుతాయి. అప్పుడు కటకం తన సహజమైన మెత్తదనంతో ఉబ్బుతుంది. ఉబ్బిన కటకం వెలుగును ఎక్కువ వంచుతుంది, దగ్గరి వస్తువు స్పష్టంగా ఆనుతుంది.

చిక్కెక్కడంటే, ఈ కటకం పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. పాత పొరలు ఎక్కడికీ పోవు, వాటి మీదే కొత్తవి చేరతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిబడుతుంది. దారాలు వదిలినా ఉబ్బదు. పదేళ్ల పిల్లోడు పుస్తకాన్ని ముక్కుకు 7, 8 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చినా చదవగలడు. మీ వయసుకు ఆ దూరం 25, 30 సెంటీమీటర్లకు జరుగుతుంది. అరవైకి చేయి చాచినా చాలదు.

అద్దాల వల్ల ముదరదు. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా కటకం గట్టిబడేది గట్టిబడుతుంది, నంబరు పెరిగేది పెరుగుతుంది. పెట్టుకున్నాక తీస్తే మునుపటికన్నా మసకగా అనిపిస్తుంది, అది స్పష్టంగా చూడటం అలవాటైనందువల్ల. మీ వీధివాళ్లు దాన్నే ముదరడం అంటున్నారు.

ఇంకో మాట, ఇది మగ్గం వాళ్లకే. పరీక్ష చేసేవాళ్లు మామూలుగా పేపరు చదివే దూరానికి, అంటే 33 నుంచి 40 సెంటీమీటర్లకు నంబరు ఇస్తారు. మగ్గం మీద మీ కంటికీ పోగుకూ ఉండే దూరం అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. ఆ నంబరుతో పోగు కోసం గంటల తరబడి ముందుకు వంగితే కళ్ళు బాగైనా నడుం పోతుంది. ఇంట్లో ఎవరిచేతనైనా మీరు మామూలుగా కూర్చున్నప్పుడు టేపుతో కొలిపించుకొని, ఆ కొలత చెప్పి నంబరు రాయించుకోండి. చేనేతవాళ్లు వస్తే నేను ముందు టేపే తీసేదాన్ని.

ప్రశ్న: మా అవ్వకు 72 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా అద్దాలు లేనిదే అక్షరం చదవలేదు. ఆరు నెలల నుంచి అద్దాలు పక్కన పడేసి పంచాంగంలో సన్న అక్షరాలు కూడా చదివేస్తోంది! పొన్నగంటికూర రోజూ తింటున్నందుకే అని ఊరంతా చెబుతోంది. దూరం మాత్రం సరిగా కనపడటం లేదంటుంది. పొన్నగంటికూరకు అంత బలం ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, డోన్

జవాబు: అవ్వ మురిపెం చెడగొట్టాలని లేదు గానీ, ఇది శుక్లం మొదలైన గుర్తు.

పై జవాబులో చెప్పిన కటకమే ఇది. వయసుతో దాని నడిబొడ్డు చిక్కబడి పసుపుపచ్చగా మారుతుంది. అట్లా చిక్కబడ్డప్పుడు వెలుగును మునుపటికన్నా ఎక్కువ వంచుతుంది. అంటే చత్వారం అద్దాలు చేసే పనిని కటకమే సొంతంగా చేసిపెడుతుంది. అందుకే పంచాంగం కనిపిస్తోంది. దూరం మసకేసింది కూడా అందుకే. మీరు ఆ చివరి ముక్క రాయకపోయి ఉంటే నేను కూడా అనుమానంతోనే ఆగేదాన్ని. ఈ ముచ్చట కొన్నాళ్లే. కటకం ఇంకా మసకబారాక దగ్గరదీ పోతుంది.

భయపడే పని లేదు. పరీక్ష చేయించండి, ఎప్పుడు ఆపరేషన్ చేయాలో డాక్టరు చెబుతారు. శుక్లం "పండేదాకా" ఆగాలని పెద్దవాళ్లు అంటారు, అది పాతకాలం మాట. ఇప్పుడు రోజువారీ పనికి అడ్డమైనప్పుడే చేయించుకోవచ్చు. బాగా ముదరనిస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పి కూడా వస్తుంది.

మసకబారిన కటకం తీసేసి అక్కడే చిన్న కృత్రిమ కటకం పెడతారు. ఆ ఆలోచన వెనక ఒక మంచి కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమానాల ప్లాస్టిక్ అద్దం పగిలి పైలట్ల కళ్ళలో ముక్కలు గుచ్చుకున్నాయి. హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు ఆ ముక్కలు కంట్లోనే ఉండిపోయినా కన్ను వాటి మీద తిరగబడలేదని గమనించాడు. అదే జాతి ప్లాస్టిక్‌తో కటకం చేయించి 1949 నవంబరులో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటిసారి అమర్చాడు. తోటి డాక్టర్లు చాలా ఏళ్లు ఆయన్ను తిట్టిపోశారు. మన పల్లెల్లోకి అది ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు కటకం తీసేసి ఊరుకునేవాళ్లు, అది లేని లోటు తీర్చడానికి ముసలోళ్లకు ఆ సోడాబుడ్డి అద్దాలు. మీ అవ్వ వాళ్ల అమ్మ పెట్టుకునే ఉంటుంది, అడిగి చూడండి.

పొన్నగంటికూర మంచిదే. రోజూ వండుకోండి. శుక్లాన్ని మాత్రం అది ఆపలేదు.

ప్రశ్న: కె.సి. కాలువలో మునిగి కళ్ళు తెరిస్తే అంతా మసకగా ఉంటుంది. మా అన్న స్విమ్మింగ్ గాగుల్స్ ఇస్తే పెట్టుకుని చూశాను, కింద రాళ్లు కూడా స్పష్టంగా కనిపించాయి. గాగుల్స్‌లో పవర్ ఏమీ లేదు. మరి ఎట్లా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, నందికొట్కూరు

జవాబు: నాయనా, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న నీదే.

కంటికి ముందున, నల్లగుడ్డు మీద, పారదర్శకమైన పొర ఒకటుంది. దాన్ని కార్నియా అంటారు. నడుమ అర మిల్లీమీటరు మందమే. నల్లగుడ్డు నల్లగా కనిపించేది దాని వెనకున్న భాగం వల్ల, ఈ పొరకు రంగే లేదు. కంటిలో వెలుగును వంచే పని ఎక్కువగా కటకమే చేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. మూడింట రెండు వంతుల పని కార్నియాదే. కటకం మిగతాది చేస్తూ, దూరానికీ దగ్గరికీ సర్దుబాటు చేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. వెలుగు ఒక పదార్థం నుంచి ఇంకోదాంట్లోకి పోయేటప్పుడు, ఆ రెంటి వక్రీభవన గుణకాల (పదార్థం వెలుగును ఎంత వంచగలదో చెప్పే అంకెల) మధ్య తేడా ఎంత ఎక్కువుంటే అంత వంగుతుంది. గాలికి 1, నీళ్లకు 1.33, కార్నియాకు 1.376. గాలి నుంచి కార్నియాలోకి వచ్చే వెలుగు బాగా వంగుతుంది. నీళ్ల నుంచి వచ్చేది? 1.33కూ 1.376కూ తేడా ఎంత? కార్నియా బలం దాదాపు అంతా నీళ్లలోనే పోయింది. మిగిలిన కటకం ఒక్కటే ఆ లోటు పూడ్చలేదు. గాగుల్స్ చేసే పనల్లా కంటి ముందు కాస్త గాలి నిలిపి ఉంచడమే. గాలి వచ్చింది, బలం వచ్చింది.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలకు వెతుకుతారు కదా. వజ్రం గుణకం 2.42. అందుకే దాన్ని నీళ్లలో వేసినా దాని తళుకు మొత్తం చావదు, నీటి గుణకానికి అది ఎక్కడో పైనుంది. నీ కార్నియా అట్లా కాదు, నీళ్లలో అది నీళ్లలాగే అయిపోతుంది. మీ సైన్సు సారుకు ఈ లెక్క చూపించు. కాలువ నీళ్లలో మాత్రం గాగుల్స్ లేకుండా కళ్ళు తెరవొద్దు.

కార్నియా గురించే ఇంకో ఉత్తరం ఉంది. "చనిపోయాక కళ్ళు దానం చేస్తే గుడ్లు పెరికేస్తారా, ముఖం పాడవుతుందా?" అని నంద్యాల నుంచి ఒకరు అడిగారు. ఇంకొకరికి అతికేది కార్నియానే. చాలాచోట్ల ఆ పొరనే తీసుకుంటారు. కొన్నిచోట్ల గుడ్డు మొత్తం తీసినా రెప్పలు మూసి, ముఖం మామూలుగా ఉండేట్టు చూస్తారు. అద్దాలున్నవాళ్లు, షుగరున్నవాళ్లు, శుక్లం ఆపరేషనైనవాళ్లు ఇవ్వొచ్చు. ఆరు గంటల్లోపు తీసుకోవాలి. కంటి బ్యాంకుకు ఫోన్ చేశాక వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టండి. మొట్టమొదట విజయవంతమైన కార్నియా మార్పిడి 1905 డిసెంబరులో జరిగింది. చేసింది ఎడ్వర్డ్ జిర్మ్, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌత్స్‌లో. చేయించుకున్నది సున్నం పడి రెండు కళ్ళూ పోయిన ఒక కూలీ.

సున్నం అంటే గుర్తొచ్చింది. తాంబూలంలోకి అమ్మే సున్నం ప్యాకెట్లు పిల్లల చేతికి అందనీయకండి. నొక్కితే పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. సున్నం కార్నియాను కాల్చేస్తూ లోపలికి పోతుంది. పడిన మరుక్షణం రెప్పలు విప్పి పట్టుకుని అరగంట పాటు మంచినీళ్లు పోస్తూనే ఉండాలి. ఆటో పిలవడం ఆ తర్వాత.

ప్రశ్న: మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు ఏరే పనికి పోతాను. ఇంట్లో కోసేటప్పుడు కళ్ళ నీళ్లు సరే, ముక్కెందుకు కారుతుంది?
— కర్నూలు

జవాబు: అమ్మా, కన్నీళ్లకు ముక్కులోకి దారి ఉంది. పగటి వెలుగులో అద్దం ముందు నిలబడి కింది రెప్పను, ముక్కు వైపు మూలలో, కొంచెం కిందికి లాగి చూడండి. రెప్ప అంచు మీద చిన్న బుడిపె, దాని నడుమ సూది గుచ్చినట్టు ఒక బొక్క కనిపిస్తుంది. పై రెప్పకూ ఒకటుంది. కన్నీళ్లు కంటిపైన, బయటి మూల వైపున్న గ్రంథిలో ఊరి, కన్నంతా తడిపి, ఈ బొక్కల్లోంచి ముక్కులోకి దిగిపోతాయి. మామూలప్పుడు కొద్దిగానే ఊరతాయి కాబట్టి మనకు తెలియదు. ఎక్కువైతే కొన్ని ముక్కులోంచి, మిగతావి చెంపల మీదుగా.

ఉల్లిగడ్డను కోసినప్పుడు లోపల విడివిడిగా ఉన్న పదార్థాలు కలిసి గంధకం ఉన్న ఒక ఆవిరి పుడుతుంది. అది కార్నియాకు తగులుతుంది. కార్నియాలో నరాల కొసలు చర్మంలో కంటే ఎన్నో రెట్లు దట్టంగా ఉంటాయి, అందుకే చిన్న నలుసు పడ్డా ప్రాణం పోతుంది. వెంటనే "కడిగెయ్" అని గ్రంథికి కబురు. ఆ ఆవిరి పుట్టడానికి ప్రత్యేకంగా ఒక ఎంజైము ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టారు. పదునైన కత్తితో కోస్తే, గడ్డను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే మంట తగ్గుతుంది. ఏరేటప్పుడు కళ్ళు మండేది మాత్రం ఎక్కువగా పొట్టు, దుమ్ము వల్ల. కొంగుతో రుద్దకండి, నీళ్లతో కడగండి.

ఈ దారి తెలిసినందుకు ఒక లాభం. కంటి చుక్కలు వేసుకున్నాక గొంతులో చేదు తగులుతుంది కదా? మందు ఇట్లాగే జారిపోతోందన్నమాట. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టండి. మందు కంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: చేలో కలుపు తీసి వచ్చాక మా ఆయనకు కుడికంటి పాప పెద్దదైపోయింది, ఎడమది మామూలుగా ఉంది. దగ్గరివి మసక, వెలుతురు చూడలేకపోతున్నాడు. తలనొప్పి లేదు. పక్షవాతం ఏమోనని అందరం హడలిపోయాం. మూడు రోజులకు కొంచెం తగ్గింది.
— పత్తికొండ మండలం

జవాబు: మీ చేలో ఉమ్మెత్త ఉందా? తెల్లపూలో, ఊదాపూలో, ముళ్ల కాయలో. నా అనుమానం దాని మీదే.

కంటిపాప అనేది వస్తువు కాదు, రంధ్రం. దాని చుట్టూ రంగున్న తెర ఉంటుంది, ఐరిస్. ఆ తెరలో రెండు కండరాలు: ఒకటి రంధ్రాన్ని ముడుస్తుంది, ఇంకోటి విప్పుతుంది. ఎండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకుని, చీకట్లో 8 దాకా తెరుచుకోగలదు. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపొలమిన్ ముడిచే కండరాన్ని పడుకోబెడతాయి. దాంతో పాప తెరుచుకునే ఉంటుంది. కటకాన్ని ఉబ్బించే కండరాన్ని కూడా అవే పడుకోబెడతాయి, అందుకే దగ్గరివి మసక. ఆసుపత్రిలో కంటి లోపల చూడటానికి పాపను పెద్దది చేసే చుక్కలు ఇదే పని చేస్తాయి. చెట్టు పీకిన చేత్తో ఆయన కుడికన్ను రుద్దుకుని ఉంటాడు. కొద్దిరోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఉమ్మెత్త ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

కానీ ఊరికే ఇట్లా అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. పాప పెద్దదవడంతో పాటు రెప్ప వాలినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉన్నా, ఒకటి రెండుగా కనిపించినా అది తల లోపలి సంగతి కావచ్చు. గంట కూడా ఆగొద్దు.

ప్రశ్న: బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ పని. దుమ్ముకు కళ్ళు ఎర్రబడతాయి. మెడికల్ షాపులో చుక్కలిచ్చారు, వేస్తే గంటలో తెల్లబడతాయి. రెండేళ్లుగా అవే వాడుతున్నాను. ఈమధ్య బండి మీద పోతుంటే పక్కనుంచి వచ్చే వాహనం దగ్గరికి వచ్చేదాకా తెలియడం లేదు. ఎదురుగా బాగా కనిపిస్తుంది.
— కార్మికుడు

జవాబు: మీకు ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా విడిగా కూడా జవాబు పంపాను. ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ల కోసం.

సీసా మీద మందు పేరు చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ — వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. డాక్టరు చూసుకుంటూ కొద్దిరోజులు వాడితే గొప్ప మందు. సొంతంగా ఏళ్ల తరబడి వాడితే కంటికి చేటు.

కార్నియాకూ కటకానికీ మధ్య జాగాలో తేటనీరు ఉంటుంది. ఇది కన్నీరు కాదు, బయటికి రాదు. కటకం చుట్టూ ఉన్న భాగంలో ఊరి, పాపలోంచి ముందుకు వచ్చి, కార్నియా, ఐరిస్ కలిసే మూలలో ఉన్న జల్లెడలోంచి రక్తంలోకి పోతుంది. రెండు గంటలు తిరక్కుండా ఆ నీరంతా మారిపోతుంది. కార్నియాకు, కటకానికి రక్తనాళాలు లేవు, ఉంటే వెలుగుకు అడ్డం. వాటికి తిండి ఈ నీటి నుంచే. ఊరేదీ పోయేదీ సరిసమానంగా ఉంటే కంటి ఒత్తిడి పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. స్టెరాయిడ్ కొందరిలో ఆ జల్లెడను బిగించేస్తుంది. నీరు ఊరుతూనే ఉంటుంది, పోయే దారి తగ్గుతుంది. ఒత్తిడి పెరిగి కంటి వెనకనుంచి మెదడుకు పోయే నరాన్ని నలిపేస్తుంది. ఆ నరంలో పది లక్షలకు పైగా పోగులున్నాయి. చూపు అంచులకు సంబంధించినవి ముందు పోతాయి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఎదురుగా బోర్డు చదవగలరు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. దీన్నే నీటికాసులు అంటారు.

పోయిన పోగు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడవచ్చు. ఆ సీసా జేబులో పెట్టుకుని ఆలస్యం లేకుండా కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు దగ్గరికో వెళ్లండి. ఒత్తిడి, నరం, పక్కచూపు మూడూ పరీక్ష చేయమని అడగండి. దుమ్ముకు కావలసింది పక్కలు మూసిన పని కళ్ళజోడు, చుక్కలు కాదు. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెట్టే షాపువాళ్లను ఏమనాలో పత్రికలో రాయలేను.

ప్రశ్న: వేసవిలో మిద్దె మీద పడుకుని చుక్కలు చూస్తుంటాను. ఏదో మసక చుక్క కంటి పక్కన కనిపిస్తుంది, దానివైపు సూటిగా చూస్తే మాయం! కళ్ళలో ఏదైనా లోపమా?
— ఆళ్లగడ్డ

జవాబు: లోపం లేదు, మీ రెటీనా ఉండాల్సినట్టే ఉంది.

కంటి వెనక గోడకు లోపల అతుక్కుని ఉన్న పొర రెటీనా. వెలుగును పట్టే కణాలు దానిలో రెండు రకాలు. శంకువులు రంగులు, సన్న వివరాలు చూస్తాయి, వాటికి బాగా వెలుతురు కావాలి. దండాలకు రంగు తెలియదు, కానీ కొద్దిపాటి వెలుగు చాలు. మనం సూటిగా చూసినప్పుడు బొమ్మ పడే చోటు రెటీనా నడుమ ఒక చిన్న గుంట. అక్కడ శంకువులే కిక్కిరిసి ఉంటాయి, దండాలు ఉండవు. మసక చుక్క వెలుగు శంకువులకు చాలదు. చూపు కొంచెం పక్కకు తిప్పితే బొమ్మ దండాల మీద పడుతుంది, చుక్క తిరిగొస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. పిడికిలి, పిడికిలిన్నర పక్కకు చూడండి. ముందు అరగంట సెల్‌ఫోన్ ముట్టుకోకండి, దండాలు పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే అంతసేపు పడుతుంది.

ఈ దండాలు పనిచేయకపోవడమే రేచీకటి. దండాల్లో ఉండే పదార్థం తయారీకి విటమిన్ ఎ కావాలి. అందుకే చిన్నపిల్లలకు తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా ఆ సిరప్ పోస్తారు. అది తక్కువై వచ్చిన రేచీకటి విటమిన్‌తో పోతుంది. కానీ మన సీమలో నేను ఎక్కువ బాధపడింది ఇంకో రకం చూసి. పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల దండాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ముందు రాత్రిచూపు, తర్వాత పక్కచూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టవుతుంది. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ అదే లోపం కలిస్తే వచ్చే రకాలు మేనరికాల్లో ఎక్కువ. ఆదోని నుంచి ఒక తండ్రి పిల్లాడికి ఏడాదిగా క్యారెట్లు తినిపిస్తున్నా తగ్గలేదని రాశారు. క్యారెట్లతో కాలయాపన చేయకండి, రెటీనా డాక్టరుకు చూపించండి. తోడబుట్టినవాళ్లనూ తీసుకెళ్లండి.

ప్రశ్న: కన్ను కెమెరా లాంటిదని పుస్తకంలో ఉంది. నిజమేనా?
— ఇద్దరు ముగ్గురు విద్యార్థులు

జవాబు: కొంతవరకే. బొమ్మ తలకిందులుగా పడటం రెంటిలోనూ ఉంది. కానీ కెమెరా ఫోకస్ కోసం కటకాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంది, మనం కటకం ఆకారమే మారుస్తాం. ఈ పోలిక చేపకు బాగా నప్పుతుంది, దాని కంట్లో కటకం జరుగుతుంది. కెమెరా ఫొటోలో అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది. మీరు చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. దాదాపు ఆ గోరంత మేరే మీకు నిజంగా స్పష్టంగా కనిపించేది. నమ్మకపోతే ఈ లైనులో ఒక మాట మీద చూపు నిలిపి, కళ్ళు కదపకుండా నాలుగు మాటల అవతలిది చదవండి చూద్దాం.

పైగా మన ఫిల్ములో బొక్క ఉంది. తెల్ల కాగితం మీద ఎడమవైపు కూడిక గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్లీ వస్తుంది. నరం కంట్లోంచి బయటికి పోయే చోట రెటీనా లేదు, చుక్క బొమ్మ అక్కడ పడింది. 1660లలో ఫ్రాన్సులో మారియట్ దీన్ని కనిపెట్టాడు. అక్కడ నల్లటి గుంట కనిపించకుండా తెల్లకాగితమే కనిపిస్తుంది చూశారా, అది మెదడు పూడ్చిన అబద్ధం.

చిన్న జవాబులు కొన్ని.

"కళ్ళ ముందు దోమల్లా, వెంట్రుకల్లా తేలుతున్నాయి" (ప్యాపిలి): కనుగుడ్డు లోపల ఎక్కువ భాగం కోడిగుడ్డు తెల్లసొన లాంటి పదార్థంతో నిండి ఉంటుంది. వయసుతో అది పలచబడి పోగులు తేలతాయి, వాటి నీడలే ఆ దోమలు. పాతవైతే పట్టించుకోకండి. ఉన్నట్టుండి గుంపుగా వచ్చినా, మెరుపులు కనిపించినా, పక్కనుంచి తెర దిగినట్టున్నా రెటీనా ఊడుతోందేమో, ఆ రోజే వెళ్లండి.

"పాప టీవీకి అతుక్కుని చూస్తుంది, ఎంత తిట్టినా వినదు" (కోడుమూరు): తిట్టకండి, పరీక్ష చేయించండి. పుట్టినప్పుడు కనుగుడ్డు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యాక 24. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగినా దూరపు బొమ్మ రెటీనా చేరకముందే ఏర్పడి మసకవుతుంది. పిల్లలు కనపడలేదని చెప్పరు, అందరికీ ఇట్లాగే ఉంటుందనుకుంటారు. 2019 అక్టోబరులో అనంతపురంలో కంటి వెలుగు పథకం మొదలైనప్పుడు ముందు బడిపిల్లలనే పరీక్షించింది అందుకే. పాపను సాయంత్రం బయట ఆడుకోనివ్వండి, అది కళ్ళకు మంచిది.

"కండ్లకలకకు చనుబాలు, తేనె, ఆముదం — ఏది మంచిది?" (ముగ్గురు అడిగారు): ఏదీ కాదు. చల్లని శుభ్రమైన నీళ్లు, విడి తువ్వాలు, చేతులు కడుక్కోవడం. తేనె రొట్టెలోకి బాగుంటుంది.